ఎదిగే పిల్లల బీఎంఐ: ఒకే అంకె, వయసును బట్టి మారే అర్థం

క్లుప్తంగా: ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూపే అంకె బీఎంఐ. పెద్దవాళ్ల బీఎంఐ హద్దులు పిల్లలకు వర్తించవు. పిల్లల అంకెను వారి వయసు, ఆడా మగా అన్న తేడాతో కలిపి గ్రోత్ చార్టు మీద చూడాలి. రెండేళ్ల నుంచి ఐదారేళ్ల దాకా బీఎంఐ తగ్గడం సహజం, ఆ తర్వాత పెరగడమూ సహజమే. ఒక్కసారి తీసిన అంకె కంటే కొన్నేళ్ల గీత ఏ దిక్కుకు పోతోందన్నదే ముఖ్యం. భారతీయ పిల్లల్లో మామూలు బీఎంఐ వెనుక కూడా కొవ్వు దాగి ఉండే వీలుంది.

బడులు తెరిచిన కొన్ని వారాలకు హైదరాబాద్‌లో చాలా ప్రైవేటు స్కూళ్లు హెల్త్ క్యాంపు పెడతాయి. ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు చూసి, సాయంత్రానికి బ్యాగులో ఒక కార్డు పెట్టి పంపిస్తాయి. ఆ కార్డులో తల్లిదండ్రులను కలవరపెట్టేది ఎక్కువగా ఒక్క గడే: బీఎంఐ. పదేళ్ల అబ్బాయి కార్డులో 16.4 అని ఉంటే, ఆ అంకెను ఫోన్‌లోని ఏదో ఒక క్యాలిక్యులేటర్‌లో వేసి చూస్తారు. 18.5 కంటే తక్కువ కాబట్టి 'తక్కువ బరువు' అని వస్తుంది. ఆ రాత్రి నుంచే పాలలో ఇంకో చెంచా పొడి, అన్నంలో ఇంకో గరిటె నెయ్యి మొదలవుతాయి.

నిజానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో పదేళ్ల అబ్బాయిలకు 'మధ్య విలువ', అంటే సగం మంది పైన, సగం మంది కింద ఉండే అంకె, సరిగ్గా 16.4. అంటే ఆ బాబు ఆ వయసుకు తగ్గట్టే ఉన్నాడు. పొరపాటు రెండో వైపు నుంచీ జరుగుతుంది. అదే తరగతిలో ఇంకో పదేళ్ల అబ్బాయి బీఎంఐ 22 ఉంటే, పెద్దల క్యాలిక్యులేటర్ 'నార్మల్' అంటుంది. పిల్లల పట్టిక ప్రకారం పదేళ్ల అబ్బాయికి 21.4 దాటితే ఊబకాయం. అంటే బాగున్న పిల్లవాడి ఇంట్లో కంగారు, శ్రద్ధ పెట్టాల్సిన పిల్లవాడి ఇంట్లో నిశ్చింత. గందరగోళం చాలావరకు ఇక్కడే పుడుతోంది.

పెద్దల కోసం పుట్టిన లెక్క

బీఎంఐ లెక్క చాలా తేలిక. బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తు వర్గంతో భాగించాలి. 1830ల్లో బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ క్వెట్లే, మనుషుల బరువు ఇంచుమించు ఎత్తు వర్గానికి అనుగుణంగా పెరుగుతుందని గమనించాడు. ఆయన ధ్యాస జనాభాలో సగటు మనిషి కొలతలు ఎలా ఉంటాయన్న దాని మీదే తప్ప, ఎవరు లావు, ఎవరు సన్నం అని తేల్చడం మీద కాదు. ఈ నిష్పత్తికి 1972లో 'బాడీ మాస్ ఇండెక్స్' అని పేరు పెట్టింది అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం. ఐదు దేశాలకు చెందిన ఏడు వేల మందికి పైగా మగవాళ్ల కొలతలను వారు పరిశీలించారు. వాళ్లంతా ఎత్తు పెరగడం ఆగిపోయిన పెద్దవాళ్లు.

ఈ పుట్టుక గుర్తుంటే మిగతాది అర్థం చేసుకోవడం సులువు. పెద్దవాళ్ల ఎత్తు మారదు. కాబట్టి బీఎంఐ పెరిగిందంటే బరువు పెరిగినట్టే, ఆ బరువులో ఎక్కువ భాగం కొవ్వే కావచ్చు. పిల్లల్లో ఎత్తు, బరువు రెండూ కదులుతుంటాయి, పైగా వేర్వేరు వేగాలతో. ఒక ఏడు ఎత్తు ముందు పరుగెడితే మరో ఏడు బరువు ముందుంటుంది. ఎముక బలపడుతుంది, కండ పెరుగుతుంది, కొవ్వు ఒక చోట తగ్గి మరో చోట చేరుతుంది. ఇన్ని మార్పులూ కలిసి ఒక్క అంకెలోకి దిగుతాయి. అందుకే పెద్దలకు వాడే 18.5, 25 లాంటి స్థిరమైన హద్దు పిల్లలకు గీయడం కుదరదు, ప్రతి నెల వయసుకూ ఒక హద్దు కావాలి.

ఉదాహరణకు బీఎంఐ 19 అనే అంకెనే తీసుకుందాం. ఆరేళ్ల అబ్బాయికి అది ఊబకాయం, ఎందుకంటే ఆ వయసుకు హద్దు 18.5. పదేళ్లకు అదే 19 అధిక బరువు కిందికి వస్తుంది. పద్నాలుగేళ్లకు సరిగ్గా మధ్య విలువ. పాతికేళ్ల యువకుడికి మామూలు బరువే, కాస్త సన్నం వైపు. అంకె మారలేదు, మారింది వయసు ఒక్కటే.

పుట్టిన దగ్గర నుంచి గీత నడక

చంటిపిల్లలు బొద్దుగా అవ్వడం, తర్వాత సన్నబడటం, ఆ పైన మళ్లీ ఒళ్లు చేయడం ప్రతి ఇంట్లో చూసేదే. బీఎంఐ గీత నడక కూడా అచ్చం అలాగే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం మగపిల్లల మధ్య విలువ పుట్టినప్పుడు 13.4. ఆరు నెలలకల్లా 17.3కి ఎగబాకుతుంది. ఏడాదికి 16.8కి, రెండేళ్లకు 16కి, ఐదేళ్లకు 15.2కి దిగుతుంది. ఆరేళ్ల ప్రాంతంలో అక్కడక్కడే ఉండి, మళ్లీ పైకి లేస్తుంది. పదేళ్లకు 16.4, పదిహేనేళ్లకు 19.8, పందొమ్మిదేళ్లకు 22.2. ఆడపిల్లల గీతా ఇదే తీరులో సాగుతుంది, కాకపోతే కౌమారంలో ముందుగా పైకి లేస్తుంది.

ఐదారేళ్ల దగ్గరి ఆ అడుగు నుంచి గీత తిరిగి పైకి తిరగడాన్ని వైద్యులు 'అడిపాసిటీ రీబౌండ్' అంటారు. ఫ్రాన్స్‌లో రోలాండ్ కాషెరా బృందం 1984లో దీని ప్రాముఖ్యాన్ని చూపించింది. ఈ మలుపు ఐదారేళ్లకు కాకుండా మూడు నాలుగేళ్లకే వచ్చిన పిల్లల్లో తర్వాతి కాలంలో ఊబకాయం ఎక్కువగా కనిపిస్తుందని అప్పటి నుంచి అనేక దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. ముందుగా వచ్చిన మలుపే ఊబకాయానికి కారణమని దీని అర్థం కాదు. ఎక్కడో అదనపు శక్తి పోగవుతోందని అది ముందే తెలిపే గుర్తు.

తెలుగు ఇళ్లలో ఈ దశ మీద ప్రత్యేకంగా ఆగి మాట్లాడుకోవాలి. రెండేళ్లు దాటిన పిల్లవాడి బుగ్గలు కరుగుతాయి, పొట్ట లోపలికి పోతుంది, చొక్కా తీస్తే పక్కటెముకలు లెక్కపెట్టేలా కనిపిస్తాయి. మొదటి ఏడాదిలో దాదాపు ఇరవై అయిదు సెంటీమీటర్లు పెరిగిన పిల్లవాడు ఇప్పుడు ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లకు పరిమితమవుతాడు. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ నెమ్మదిస్తుంది. సరిగ్గా ఈ దశలోనే 'అన్నం మానేశాడు, చిక్కిపోయాడు, ఎవరి దిష్టో తగిలింది' అనే మాటలు మొదలవుతాయి. ఎర్ర నీళ్లతో దిష్టి తీస్తే నష్టం లేదు. నష్టమంతా తర్వాత వచ్చే తిండి ఒత్తిడిలో ఉంది: ఫోన్‌లో పాటలు పెట్టి, చూపు అటుండగా ముద్ద మీద ముద్ద కుక్కడం, తినకపోతే బిస్కెట్లో చక్కెర కలిపిన పాలో ఇచ్చి కడుపు నింపడం. ఆకలి తీరిందో లేదో చెప్పే సొంత లెక్కను పిల్లవాడు కోల్పోయేది ఇలాగే. గీత సహజంగా దిగాల్సిన కాలంలో దాన్ని ఎత్తి నిలబెట్టడానికి ఇల్లంతా శ్రమిస్తుంది.

అయితే ప్రతి సన్నదనమూ సహజమేనని కొట్టిపారేయడమూ తప్పే. రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా గీత దిగుతూనే తన స్థానంలో ఉంటే, అంటే చార్టులోని గీతలతో పాటే దిగుతుంటే, అది సహజం. చార్టులోని గీతలను ఒక్కొక్కటిగా దాటుకుంటూ కిందికి పోతుంటే, దానితో పాటు ఎత్తు పెరగడమూ ఆగిపోతే, అది ఆకలి లోపమో, మాటిమాటికీ వచ్చే జబ్బో, పేగుల సమస్యో కావచ్చు. ఆ రెంటికీ తేడా చెప్పగలిగింది పాత కొలతలు ఒక్కటే. ఈ పని టీకాల కార్డు వెనుక ఉండే చార్టు చేయగలదు, కానీ అది ఖాళీగా ఉండిపోయే ఇళ్లే ఎక్కువ.

ఏ చార్టు, ఎవరి పిల్లలు

పర్సంటైల్ అనే మాట కార్డుల్లో తరచుగా కనిపిస్తుంది. ఒకే వయసున్న వంద మంది ఆడపిల్లలను బీఎంఐ వరుసలో నిలబెడితే, 85వ పర్సంటైల్ అంటే 85 మంది ఆ పాప కంటే కింద, మిగతా వాళ్లు పైన ఉన్నారని అర్థం. పరీక్షలో మార్కుల్లా ఎక్కువ వస్తే మేలన్నట్టు కాదు, తక్కువ వస్తే కీడన్నట్టూ కాదు. అయితే ఆ వందమంది ఎక్కడి పిల్లలు, ఏ కాలపు పిల్లలు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. వేర్వేరు చార్టులు వేర్వేరు ఫలితాలు చెప్పడానికి కారణం అదే.

ఐదేళ్లలోపు వారికి భారత్‌లో వాడేవి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ప్రమాణాలు. బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో తల్లిపాలు తాగి, మంచి వసతుల్లో పెరిగిన పిల్లలను కొలిచి వీటిని తయారు చేశారు. మన దేశం నుంచి దిల్లీ పిల్లలు ఉన్నారు. ఇన్ని దేశాల పిల్లలూ ఆ వయసులో దాదాపు ఒకే తీరున పెరిగారన్నది ఈ అధ్యయనంలో తేలిన ముఖ్య విషయం. కాబట్టి 'మన జాతే అంత, మన పిల్లలు పొట్టిగానే ఉంటారు' అన్న సమాధానం చిన్న వయసులో నిలవదు. ఈ చార్టులో మధ్య విలువ గీతను సున్నా అనుకుంటే, దానికి పైన మెట్లుగా ప్లస్ 1, 2, 3 గీతలు, కింద మైనస్ గీతలు ఉంటాయి. ఐదేళ్ల లోపు వారికి ప్లస్ 2 గీత దాటితే అధిక బరువు, ప్లస్ 3 దాటితేనే ఊబకాయం అంటారు.

ఐదేళ్లు దాటాక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 పట్టికలు వస్తాయి. ఇక్కడ హద్దులు మారతాయి: ప్లస్ 1 దాటితే అధిక బరువు, ప్లస్ 2 దాటితే ఊబకాయం, మైనస్ 2 కంటే దిగితే బక్కతనం. ఈ పట్టికలకు మూలం 1977 నాటి అమెరికా పిల్లల సమాచారం. అంత పాతది ఎందుకన్న ప్రశ్న సహజంగా వస్తుంది. పిల్లలంతా లావెక్కుతున్న కాలంలో కొలతలు తీసుకుని వాటినే ప్రమాణం చేస్తే, లావు కూడా మామూలుగానే కనిపిస్తుంది. ప్రమాణం ఆరోగ్యంగా ఉన్న కాలానిది అయితేనే ఇప్పటి మార్పు బయటపడుతుంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2000లో విడుదల చేసిన చార్టులు మాత్రం 85, 95 పర్సంటైళ్లను హద్దులుగా వాడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్లస్ 2 గీత దాదాపు 98వ పర్సంటైల్‌కు సమానం. కాబట్టి ఒకే పాపకు ఒక వెబ్‌సైటు ఊబకాయమని, మరొకటి అధిక బరువని చెప్పినా ఆశ్చర్యం లేదు.

మన దేశంలో 5 నుంచి 18 ఏళ్ల వారికి పిల్లల వైద్యులు ఎక్కువగా వాడేవి ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015 చార్టులు. వివిధ నగరాల నుంచి సేకరించిన కొలతల్లో మరీ లావుగా ఉన్న పిల్లలవి తీసేసి, మిగిలిన 33 వేలకు పైగా పిల్లల సమాచారంతో వీటిని గీశారు. వీటిలోని హద్దుల వెనుక ఒక ఆలోచన ఉంది. ఆసియా పెద్దల్లో బీఎంఐ 23 దాటినప్పటి నుంచే మధుమేహం, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. కాబట్టి పెద్దయ్యాక 23కు చేర్చే గీతను పిల్లల చార్టులో వెనక్కి గీసి, అది దాటితే అధిక బరువన్నారు. 27కు చేర్చే గీత దాటితే ఊబకాయమన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్లస్ 1, ప్లస్ 2 గీతలు పందొమ్మిదేళ్లకు ఇంచుమించు 25, 30 దగ్గరకు చేరతాయి. భారతీయ చార్టు హద్దు కింద ఉండటం అనవసరపు కఠినత్వం కాదు, ఇక్కడి శరీరాల తీరును బట్టి పెట్టిన జాగ్రత్త. హైదరాబాద్ పిల్లలకు ఐదేళ్ల తర్వాత ఈ చార్టే తగినది. విదేశీ యాప్‌లో 'నార్మల్' అని వచ్చిన పిల్లవాడు ఇందులో హద్దు దాటి ఉండవచ్చు.

కౌమారంలో మరో మెలిక

ఆడపిల్లల్లో యుక్తవయసు మార్పులు 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలు కావచ్చు. మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య. అంటే ఆరో తరగతి గదిలో పన్నెండేళ్ల ఇద్దరు అమ్మాయిల్లో ఒకరు ఎదుగుదల చివరి మెట్టు మీద, ఇంకొకరు మొదటి మెట్టు మీద ఉండవచ్చు. చార్టుకు తెలిసేది పుట్టినతేదీ ఒక్కటే. పెద్దమనిషి అయిన పాపలో తొడలు, నడుము దగ్గర కొవ్వు చేరడం ప్రకృతి ఏర్పాటు. అబ్బాయిల్లో పెరిగే బరువులో ఎక్కువ భాగం కండ, ఎముక. ఇద్దరిలోనూ బీఎంఐ పెరుగుతుంది, పెరిగేది మాత్రం ఒకటి కాదు.

లెక్కలోనూ ఒక లోపం ఈ వయసులోనే బయటపడుతుంది. పెద్దల్లో బరువు ఎత్తు వర్గంతో పాటు పెరిగితే, కౌమారంలో అది ఘనానికి దగ్గరగా పోతుంది. అందువల్ల తోటివారికంటే ముందుగా పొడవైన పిల్లల బీఎంఐ ఉన్నదానికంటే కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. కొందరు పరిశోధకులు ఎత్తు ఘనంతో భాగించే 'ట్రై పాండరల్ ఇండెక్స్'ను ప్రతిపాదించింది ఇందుకే. క్లినిక్కుల్లో అది ఇంకా వాడుకలోకి రాలేదు. అప్పటిదాకా, ఎనిమిదో తరగతి అబ్బాయి ఒక్క ఏడాదిలో పది సెంటీమీటర్లు పెరిగినప్పుడు వచ్చిన బీఎంఐ మార్పును ఆ ఎత్తుతో కలిపి చదవాల్సిందే.

అంకెకు కనిపించని కొవ్వు

బీఎంఐ కొవ్వును కొలవదు, ఊహిస్తుంది. ఆ ఊహ ఒక వైపు బలంగానూ, మరో వైపు బలహీనంగానూ ఉంటుంది. పిల్లల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో వేసిన లెక్కలో, బీఎంఐ ఎక్కువని చెప్పిన చోట కొవ్వు నిజంగానే ఎక్కువ ఉండటం చాలావరకు నిలబడింది. కానీ ఒంట్లో కొవ్వు ఎక్కువున్న పిల్లల్లో పావు వంతుకు పైగా బీఎంఐ పట్టుకోలేక వదిలేసింది. సాధారణంగా 'కండ ఉన్నవాడిని లావు అంటుంది' అనే విమర్శే వినిపిస్తుంది. అథ్లెట్లు, కుస్తీ నేర్చుకునే పిల్లల విషయంలో అది నిజమే. జనంలో ఎక్కువ మందికి వర్తించేది మాత్రం ఈ రెండో లోపం: కొవ్వు ఉన్నా అంకె మామూలుగా కనిపించడం.

భారతీయుల్లో ఇది మరింత పదునుగా కనిపిస్తుంది. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం తల్లులను, నవజాత శిశువులను పరిశీలించి, మన శిశువులు పాశ్చాత్య శిశువుల కంటే బరువు తక్కువే అయినా, కొవ్వు అంత తక్కువగా ఉండదని చూపింది. తగ్గింది ఎక్కువగా కండ, లోపలి అవయవాల బరువు. సన్నగా కనిపించే ఒంటిలో కొవ్వు ఎక్కువ ఉండే ఈ తీరు పెద్దయ్యాకా కొనసాగుతుంది. 2004లో లాన్సెట్ పత్రికలో యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ సొంత కొలతలనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. పక్కపక్కన నిలబడితే ఇద్దరూ సన్నగానే ఉన్నారు.

అందుకే బీఎంఐ పక్కన మరో కొలత ఉంటే మేలు. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదన్నది తేలికగా గుర్తుండే లెక్క. ఐదేళ్లు దాటిన పిల్లల్లో బీఎంఐతో పాటు దీన్నీ చూడవచ్చని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2022 నుంచి చెబుతున్నాయి. 2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ కూడా ఊబకాయాన్ని నిర్ధారించడానికి బీఎంఐ ఒక్కటే చాలదని, నడుము లాంటి మరో కొలతతో రూఢి చేసుకోవాలని సూచించింది. టేపు లేకున్నా కంటికి కనిపించే గుర్తు ఇంకొకటి ఉంది. కొందరు పిల్లల మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, ముట్టుకుంటే మఖమలులా మారుతుంది. చాలామంది తల్లులు దాన్ని మట్టి అనుకుని సున్నిపిండి పెట్టి రుద్దుతారు, ఎంత రుద్దినా పోదు. వైద్యులు 'అకాంథోసిస్ నైగ్రికాన్స్' అనే ఆ మచ్చ, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి తరచుగా సూచన. దానికి సబ్బు కాదు, రక్త పరీక్ష కావాలి.

పక్క పక్కనే రెండు సమస్యలు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్రే ఈ మార్పుకు అద్దం పడుతుంది. కూనూరులో 1918లో మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన ఈ సంస్థ దశాబ్దాల పాటు తలమునకలైనవి క్వాషియోర్కర్ (మాంసకృత్తులు చాలక ఒళ్లు ఉబ్బే జబ్బు), విటమిన్ ఏ లోపం, రక్తహీనత లాంటి ఆకలి జబ్బులు. అదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువగా ఉండే ప్యాకెట్ తిండి గురించిన హెచ్చరికలకు పెద్దపీట వేసింది.

పాత సమస్య పోయి కొత్తది రాలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019-21 లెక్కల్లో, తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేక గిడసబారి ఉన్నారు. దేశం మొత్తం మీద అదే వయసు పిల్లల్లో అధిక బరువు 2.1 శాతం నుంచి 3.4 శాతానికి పెరిగింది. 2016-18 నాటి సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల వారిలో 24 శాతం మంది బక్కగా, 5 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. 5 నుంచి 19 ఏళ్ల వారిలో ఊబకాయం ఉన్నవాళ్లు 1990లో దేశంలో 4 లక్షలైతే, 2022 నాటికి 1.25 కోట్లని 2024లో లాన్సెట్‌లో వచ్చిన అంచనా. శాతంలో చిన్నదిగా కనిపించేది తలల లెక్కలో ఎంత పెద్దదో ఇక్కడ తెలుస్తుంది.

గిడసబారడం బీఎంఐ లెక్కను కూడా తప్పుదారి పట్టిస్తుంది. పదేళ్ల అబ్బాయి ఎత్తు 123 సెంటీమీటర్లు, బరువు 23.5 కిలోలు అనుకుందాం. బీఎంఐ 15.5, చార్టులో ఏ అభ్యంతరమూ లేదు. కానీ ఆ వయసుకు మధ్య ఎత్తు 138 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఎత్తూ తగ్గి, బరువూ తగ్గితే నిష్పత్తి బాగానే వస్తుంది. ఏళ్ల తరబడి చాలని తిండి ఆ 'నార్మల్' వెనుక కనిపించకుండా పోతుంది. ఇలాంటి పిల్లవాడికి నూనె, చక్కెర కలిపి బరువు పెంచితే ఎత్తు పెరగకుండా ఒళ్లు మాత్రం పెరుగుతుంది. అతనికి కావలసింది పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరలు, జబ్బు పడకుండా చూసుకోవడం.

నగరంలో బరువు పెరగడానికి కారణాలు తిండిలోనే వెతకడం సగం వెతకడమే. అపార్టుమెంట్ సెల్లార్‌లో కార్లు నిండాక ఆడుకునే చోటు మిగలదు. మైదానం లేని భవనాల్లో బడులు నడుస్తున్నాయి. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులు మొదలై, సాయంత్రం ఆట గంటను ట్యూషన్ తీసుకుంటోంది. ఆలస్యంగా పడుకుని బస్సు కోసం పొద్దున్నే లేచే పిల్లలకు నిద్ర చాలదు. నిద్ర తక్కువైతే ఆకలిని నడిపే హార్మోన్లు గతి తప్పి, తీపి మీద, నూనె వస్తువుల మీద మనసు పోతుంది. 2025లో సీబీఎస్ఈ తన బడుల్లో 'షుగర్ బోర్డులు' పెట్టమన్నది, అంటే ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో గోడ మీద చూపించమన్నది. మంచి అడుగే. కానీ బోర్డు ముందు నుంచి పిల్లలు పరుగెత్తుకుంటూ వెళ్లడానికి ఒక మైదానం కూడా ఉండాలి.

రెండు సెంటీమీటర్ల తేడా

ఇంత సూక్ష్మంగా చదవాల్సిన అంకె ఎంత మొరటుగా పుడుతుందో చూస్తే ఆందోళన కలుగుతుంది. పదేళ్ల అబ్బాయి అసలు ఎత్తు 138 సెంటీమీటర్లు, బరువు 35 కిలోలు. బీఎంఐ 18.4, ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఆ వయసుకు అధిక బరువు హద్దు 18.5 లోపలే. క్యాంపు హడావుడిలో వంగి నిలబడి 136 అని నమోదైతే బీఎంఐ 18.9 అవుతుంది, కార్డు మీద 'అధిక బరువు' అని పడుతుంది. ఎత్తును వర్గం చేస్తాం కాబట్టి ఎత్తులో చిన్న తప్పు రెట్టింపు అవుతుంది. బూట్లు విప్పకపోవడం, రిబ్బన్లతో మడిచి కట్టిన జడల మీద స్కేలు ఆనించడం, జేబుల్లో వస్తువులతో బరువు తూచడం నిత్యం జరిగేవే. రోజంతా నిలబడి తిరిగాక ఎత్తు సాయంత్రానికి దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుంది కూడా.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. చెప్పులు విప్పి, జడ వదులు చేసి, మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆన్చి, చూపు నేరుగా ఉంచాలి. తల మీద అట్ట పుస్తకాన్ని గోడకు సమకోణంలో పెట్టి గీత గీయాలి. రెండుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి. రెండేళ్లలోపు పిల్లలను పడుకోబెట్టి కొలుస్తారు. పడుకోబెట్టిన పొడవు నిలబడిన ఎత్తు కంటే సుమారు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. రెండేళ్లు నిండిన చోట చార్టులో చిన్న మెట్టు కనిపించేది అందువల్లే. ఆ తేడా తెలియక పిల్లవాడు 'తగ్గిపోయాడని' బెంబేలెత్తనక్కరలేదు.

హద్దు దాటాక ఏం జరుగుతుంది

పెద్దవాళ్లకు 'బరువు తగ్గు' అన్న సలహా ఎదిగే పిల్లలకు చాలా సందర్భాల్లో తగదు. వారి చేతిలో పెద్దవాళ్లకు లేని ఒక అవకాశం ఉంది: ఎత్తు ఇంకా పెరుగుతుంది. తొమ్మిదేళ్ల పాప ఎత్తు 132 సెంటీమీటర్లు, బరువు 38 కిలోలు అయితే బీఎంఐ 21.8, ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఊబకాయం హద్దు 21.5కు పైన. ఆమె బరువు తగ్గకుండానే, రెండేళ్లలో 41 కిలోలకు మాత్రమే చేరి, ఎత్తు 145కు పెరిగితే, పదకొండేళ్లకు బీఎంఐ 19.5. ఆ వయసు ఆడపిల్లలకు అధిక బరువు మొదలయ్యే హద్దు 19.9. పాప ఒక్క పూటా పస్తుండకుండా మామూలు గీతలోకి వచ్చేసింది. ఊబకాయం తీవ్రంగా ఉన్న పిల్లలకు వైద్యుల పర్యవేక్షణలో బరువు తగ్గించాల్సి రావచ్చు. ఇంట్లో అన్నం కోత పెడితే మాత్రం తగ్గేది కొవ్వు ఒక్కటే కాదు, ఎత్తూ కండా కూడా.

'ఎదిగే పిల్లలు, ఎత్తు పెరిగితే అదే సర్దుకుంటుంది' అనే పెద్దల మాటలో ఉన్న నిజం ఇదే. అందులో లేనిది, బరువు పెరిగే వేగాన్ని ఎవరో ఒకరు నెమ్మదింపజేయాలన్న షరతు. ఏమీ మార్చకుండా వదిలేస్తే బరువు ఎత్తు కంటే ముందే పరుగెడుతుంది, ఊబకాయంతో కౌమారం దాటిన పిల్లల్లో ఎక్కువ మంది ఊబకాయంతోనే పెద్దవాళ్లవుతారు. ఇంటిల్లిపాదికీ ఒకే వంట, ఒకే మార్పు ఉంటే పిల్లలు సులువుగా పాటిస్తారు. తమ్ముడికి పూరీ, అక్కకు పుల్కా పెడితే మిగిలేది తిండి మీద దొంగచాటు మోజు. తరగతిలో బీఎంఐలు గట్టిగా చదివి వినిపించడం, బంధువుల ముందు 'బొండం' అని పిలవడం వల్ల ఏ పిల్లవాడూ సన్నబడలేదు. పదిమందిలో సిగ్గుపడిన పిల్లలు ఆటకు దూరమై, ఒంటరిగా తినడం వైపు జరుగుతారు.

వైద్యులు అంకెతో పాటు ఎత్తును ఎందుకు అంత శ్రద్ధగా చూస్తారన్నది చాలామందికి తెలియదు. అదనపు తిండి వల్ల లావైన పిల్లలు సాధారణంగా తమ వయసుకు పొడవుగానే ఉంటారు. ఆ పోషణ ఎత్తునూ ముందుకు తోస్తుంది. లావుగా ఉంటూ పొట్టిగా మిగిలిపోతున్న పిల్లల విషయంలో అనుమానం హార్మోన్ల మీదికి వెళుతుంది: థైరాయిడ్ తగ్గడం, ఎదుగుదల హార్మోను లోపం, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ ఎక్కువ కావడం, లేదా ఆస్తమాకో చర్మానికో చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్ మందులు. మొదటి రకం పిల్లలకు తిండి, ఆట, నిద్ర సరిచేస్తే సరిపోవచ్చు. రెండో రకం వారికి ఎంత పథ్యం పెట్టినా ఫలితం ఉండదు, పరీక్షలు చేసి చికిత్స చేయాలి. ఇద్దరి కార్డు మీదా బీఎంఐ 22 అనే ఉండవచ్చు. అందువల్ల బడి నుంచి వచ్చే కార్డు మీద బీఎంఐ ఒక్కటే రాసి ఊరుకోకుండా, కొలిచిన తేదీ, ఎత్తు, బరువు, కిందటేడు తీసిన అవే కొలతలు, వాడిన చార్టు పేరు కూడా ఉండాలి. అప్పుడే పిల్లల డాక్టరు దాన్ని చూసి ఏదైనా చెప్పగలుగుతారు.